లాండ్రీ డ్రయ్యర్ వేడిగాలి బయటికి పోయేలా డక్ట్ వేయడం ఎలా

లాండ్రీకి పెద్ద డ్రయ్యర్ కొనేటప్పుడు ఎన్ని కిలోలు పడుతుంది, గ్యాసుదా కరెంటుదా, ఎంతసేపట్లో ఆరుతుంది అని అందరూ అడుగుతారు. వెనక నుంచి వచ్చే వేడిగాలి ఎటు పోవాలన్న సంగతి మాత్రం మిషన్ దిగిన రోజునే గుర్తొస్తుంది. ఇక అప్పుడు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ గోడకు కన్నం కొట్టి, చేతికి దొరికిన గొట్టం తగిలించేస్తారు. బట్టలు ఎలాగోలా ఆరుతూనే ఉంటాయి కాబట్టి తప్పు ఏళ్ల తరబడి బయటపడదు. బయటపడేది మంట రూపంలోనో, గదిలో నిండిన విషవాయువు రూపంలోనో అయితే చాలా ఆలస్యమైపోయినట్టే. అందుకని ఈ పనిని మొదటి నుంచి వరసగా చెబుతాను. గాలిని బయటికి పంపని కండెన్సర్ రకం, హీట్ పంప్ రకం డ్రయ్యర్లకు ఇది వర్తించదు. వేడిగాలిని బయటికి ఊదే మిషన్లకే ఈ పద్ధతి.

గొట్టంలో ఏం పోతుందో ముందు తెలుసుకోండి

బాగా పిండి తీసిన నూలు బట్టల్లో కూడా బట్టల బరువులో దాదాపు సగం నీరు మిగిలి ఉంటుంది. అంటే 20 కిలోల లోడు ఆరితే దగ్గర దగ్గర 10 లీటర్ల నీరు ఆవిరై ఆ గొట్టంలోంచే పోవాలి. ఒక్క లోడుకే అంత. దాంతోపాటు బట్టల నుంచి రాలిన నూగు పోతుంది. ఫిల్టర్ పెద్ద పోగుల్ని పట్టుకుంటుంది కానీ సన్నటి నూగు ఎప్పుడూ ఎంతో కొంత దాటుతూనే ఉంటుంది. గ్యాస్ డ్రయ్యరైతే బర్నర్ నుంచి వచ్చే పొగ కూడా ఇదే దారిలో పోతుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉండొచ్చు. దానికి రంగూ వాసనా లేవు, మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది.

ఈ మూడింట్లో రోజూ ఇబ్బంది పెట్టేది నూగు. డక్ట్ లోపలికి ఒక స్క్రూ మొన అర సెంటీమీటరు పొడుచుకొచ్చిందనుకోండి. మొదట దానికి ఒక పోగు చుట్టుకుంటుంది. ఆ పోగుకు ఇంకో పది తగులుకుంటాయి. కొన్నాళ్లకు అక్కడ బొటనవేలంత బూడిదరంగు కుచ్చు తయారవుతుంది. మిషన్ ఆగాక గొట్టం చల్లబడితే ఆవిరి నీరై ఆ కుచ్చును తడుపుతుంది, మర్నాడు వేడిగాలికి అది ఎండి రేకుకు అట్టలా అతుక్కుంటుంది. గాలి దారి ఇరుకైన కొద్దీ గాలి వేగం తగ్గి, ఇంకా నూగు దిగుతుంది. ఎండిన నూగుకు ఒక్క నిప్పురవ్వ చాలు. కింద చెప్పబోయే నియమాల్లో చాలావరకు ఈ కుచ్చు పుట్టకుండా చూడటానికే.

మాన్యువల్లోంచి నాలుగు అంకెలు రాసుకోండి

గొట్టం కొనకముందు మిషన్‌తో వచ్చిన ఇన్‌స్టలేషన్ మాన్యువల్ తెరవండి. అది లేకపోతే మిషన్ వెనక రేకు మీది మోడల్ నంబరు చెప్పి కంపెనీ నుంచి తెప్పించుకోండి. అందులో మీకు కావలసినవి నాలుగు: గంటకు ఎంత గాలి బయటికి ఊదుతుంది, వెనకున్న మూతి వ్యాసం ఎంత, డక్ట్‌లో ఎదురు ఒత్తిడి ఎంతవరకు ఉండొచ్చు, గదిలోకి గాలి రావడానికి ఎంత ఖాళీ వదలాలి.

కొన్ని మాన్యువల్స్ పాత కొలతల్లో ఉంటాయి. నిమిషానికి ఘనపుటడుగుల్లో ఇస్తే 1.7 పెట్టి గుణించండి, గంటకు ఘనమీటర్లు వస్తాయి. ఒత్తిడిని నీటి అంగుళాల్లో ఇస్తే ఒక అంగుళానికి సుమారు 249 పాస్కల్స్. చాలా మిషన్లకు గరిష్ఠ హద్దు 0.3 అంగుళం, అంటే 75 పాస్కల్స్. ఇంకొన్నిటికి 0.5 అంగుళం దాకా ఒప్పుకుంటారు. మీ మిషన్‌కు మీ మాన్యువల్ చెప్పిందే లెక్క, పక్క లాండ్రీలో నడుస్తున్నది లెక్క కాదు.

దారి గీయండి

మిషన్ ఎక్కడ పెట్టాలో తేల్చుకునే ముందే కాగితం మీద డక్ట్ దారి గీయండి. బయటి గోడకు ఆనుకుని మిషన్ పెట్టగలిగితే సగం పని అయిపోయినట్టే. ఒక్కో మిషన్‌కు వేసే గొట్టానికి కొన్ని కంపెనీలు నాలుగు మీటర్లకు కాస్త ఎక్కువ పొడవు, రెండు తొంభై డిగ్రీల బెండ్లు వరకే అనుమతిస్తాయి. అది దాటితే వ్యాసం పెంచమంటాయి. బెండు చూడటానికి చిన్నదే కానీ గాలికి అది కొన్ని మీటర్ల తిన్నని గొట్టంతో సమానం. ఒక పదును మలుపు బదులు రెండు నలభై ఐదు డిగ్రీల మలుపులు వేస్తే గాలి తేలిగ్గా తిరుగుతుంది. వెంట వెంటనే రెండు బెండ్లు పెట్టకుండా మధ్యలో కొంత తిన్నని ముక్క ఉండేలా చూడండి.

పాత పొగ గొట్టంలోకి, వంటగది ఎగ్జాస్ట్‌లోకి, బాత్‌రూమ్ గాలి గొట్టంలోకి, డ్రైనేజీ వెంట్ పైపులోకి దీన్ని కలపకూడదు. ఫాల్స్ సీలింగ్ పైన, అటక మీద, నేల కింది ఖాళీలో వదిలేయడం అన్నిటికంటే ప్రమాదం. అక్కడ తడీ నూగూ ఎవరి కంటా పడకుండా పేరుకుంటాయి. డక్ట్ చివర ఆరుబయటే ఉండాలి.

చెక్క, ప్లైవుడ్, థర్మాకోల్ లాంటి కాలే సామాను డక్ట్‌కు కనీసం 150 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. చెక్క గోడలోంచి పోవాల్సి వస్తే కన్నాన్ని ఆ మేరకు పెద్దగా కోసి, మధ్యలో రేకు తొడుగు పెట్టండి. నిప్పును ఆపేలా కట్టిన గోడలోంచి పోవాలంటే ఆ పని సొంతంగా చేయకండి. మామూలు ఎయిర్ కండిషనింగ్ డక్ట్‌లో పెట్టే ఫైర్ డ్యాంపర్ (మంట వస్తే మూసుకుపోయే రేకు తలుపు) డ్రయ్యర్ డక్ట్‌లో పెట్టకూడదు, నూగుకు అది ఇరుక్కుపోతుంది. వేరే దారి వెతకడానికి ఫైర్ సేఫ్టీ తెలిసిన ఇంజనీర్ కావాలి. గోడకు కన్నం కొట్టకముందే స్థానిక అగ్నిమాపక, భవన నిబంధనలు కూడా కనుక్కోండి. అవి ఇక్కడ చెప్పిన దానికన్నా కఠినంగా ఉంటే వాటినే పాటించాలి.

వ్యాసం లెక్క

ఈ మెట్టు దగ్గర ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. మిషన్ మూతి కంటే సన్నటి గొట్టం ఎప్పుడూ వేయకూడదు. ఇది అందరికీ తెలిసిందే. అయితే మరీ లావు గొట్టమూ మంచిది కాదు. నూగు గాలిలో తేలుతూ బయటికి పోవాలంటే గాలి వేగం సెకనుకు సుమారు 6 మీటర్లకు తగ్గకూడదు. తగ్గితే దారిలోనే దిగిపోతుంది.

గంటకు 1000 ఘనమీటర్లు ఊదే మిషన్ తీసుకుందాం. సెకనుకు 0.278 ఘనమీటర్లన్నమాట. 200 మిల్లీమీటర్ల గొట్టం అడ్డుకోత వైశాల్యం 0.0314 చదరపు మీటర్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వేగం 8.8 మీటర్లు వస్తుంది, బాగుంది. అదే 250 గొట్టమైతే 5.7కు పడిపోతుంది, నూగు దిగడం మొదలవుతుంది. పోనీ ఖర్చు తగ్గుతుందని 150 వేస్తే వేగం 15.7. నూగు దిగదు కానీ మీటరు మీటరుకూ గాలికి ఎదురయ్యే ఒత్తిడి 200 గొట్టంతో పోలిస్తే నాలుగు రెట్లు దాటుతుంది. ఫ్యాను ఆ ఒత్తిడికి తట్టుకోలేక తక్కువ గాలి ఊదుతుంది, డ్రమ్ము వేడెక్కుతుంది, బట్టలు ఆరవు.

పొడవు ఎక్కువై వ్యాసం పెంచక తప్పకపోతే ఈ వేగం లెక్క మళ్లీ వేయండి. రెండు లెక్కలూ కుదరకపోతే మిషన్ చోటు మార్చడమే మంచిది. ఆ మాట చెప్పడం కష్టమే, ముఖ్యంగా గచ్చు, గ్యాసు లైను అన్నీ అయిపోయాక. కానీ ఒకసారి మిషన్ జరపడం, ఏళ్ల తరబడి తడిబట్టలతోనూ నూగుతోనూ కొట్టుకోవడం కంటే చవక.

రేకు, అతుకులు

లోపల నునుపుగా ఉండే జీఐ (జింకు పూత పూసిన ఇనుప) రేకు గానీ అల్యూమినియం రేకు గానీ వాడండి. మందం కనీసం 0.4 మిల్లీమీటర్లు ఉండాలి, వ్యాసం పెరిగే కొద్దీ ఇంకా మందం కావాలి. ప్లాస్టిక్ గొట్టం, పీవీసీ పైపు, ముడతల ఫాయిల్ గొట్టం వద్దు. ప్లాస్టిక్ వేడికి కరుగుతుంది, మంటకు ఆజ్యం పోస్తుంది. ముడతల గొట్టంలో ప్రతి ముడతా నూగుకు ఒక అర. తేలిగ్గా వంగుతుంది కదా అని డక్ట్ పనివాళ్లు దానికే మొగ్గు చూపుతారు. మీరు ఒప్పుకోకండి.

ఒక ముక్కను ఇంకోదానిలోకి దూర్చేటప్పుడు దిశ చూసుకోవాలి. మిషన్ వైపు ముక్క చివర, బయటి వైపు ముక్క నోట్లోకి వెళ్లాలి. అప్పుడు లోపల గాలికి అంచు ఎదురుపడదు. తిరగేసి పెడితే ప్రతి అతుకు దగ్గరా నూగు ఆగడానికి ఒక మెట్టు కట్టినట్టే. లోపలికి మొన దిగే స్క్రూలు, రివెట్లు వద్దు. బయట నుంచి పట్టీలతో బిగించి, అల్యూమినియం ఫాయిల్ టేపుతో అతుకు చుట్టూ గాలి పోకుండా మూయండి. గుడ్డతో చేసిన మామూలు డక్ట్ టేపు వేడికి జిగురు ఎండి ఊడిపోతుంది. బరువంతా అతుకుల మీద పడకుండా గొట్టాన్ని అక్కడక్కడా హ్యాంగర్లతో పైకి కట్టండి. వేలాడే గొట్టం మధ్యలో కుంగితే ఆ పల్లంలో నీరు నిలుస్తుంది.

అడ్డంగా పోయే గొట్టాన్ని బయటి వైపుకు కొంచెం వాలుగా పెట్టండి, నీరు పట్టినా మిషన్‌లోకి రాదు. చల్లటి చోట్ల గుండా పోతే బయట నుంచి మండని ఇన్సులేషన్ చుట్టాలి. ప్రతి బెండు దగ్గరా, పొడవు గొట్టంలో మధ్య మధ్యనా తెరిచి చూసేందుకు తలుపులు పెట్టించండి. చేయి దూరి బ్రష్ తిరిగేంత తలుపు కావాలి. దీనికి ఒప్పించడానికి మేస్త్రీతో కాస్త వాదించాల్సి వచ్చినా వెనక్కి తగ్గకండి. తలుపు లేని డక్ట్‌ను ఎవరూ శుభ్రం చేయరు.

బయటి మూతి

మూతికి వలగానీ జాలీగానీ బిగించొద్దు. పిట్టలు దూరుతాయన్న భయంతో చాలామంది బిగిస్తారు, కొద్దిరోజుల్లోనే నూగు దాన్ని కంబళిలా కప్పేస్తుంది. పిట్టల్ని ఆపడానికి గాలి వచ్చినప్పుడు తెరుచుకుని ఆగినప్పుడు మూసుకునే రేకు తలుపున్న హుడ్ చాలు. దాన్ని చేత్తో తోసి చూస్తే ఏ అడ్డూ లేకుండా ఊగాలి.

మూతికి ఎదురుగా గోడగానీ ప్రహరీగానీ ఉంటే కనీసం 90 సెంటీమీటర్ల ఎడం వదలండి. నేలకు 30 సెంటీమీటర్లు తగ్గకుండా ఎత్తులో, మంచు పడే చోట దానికి పైన ఉండాలి. కిటికీలకు, తలుపులకు, ఏసీ తాజా గాలి తీసుకునే చోటికి కనీసం ఒక మీటరు దూరం పెట్టండి. గ్యాస్ మిషన్లకు స్థానిక నియమాలు ఇంకా ఎక్కువ అడగొచ్చు. డాబా మీదికి తీస్తే చివరను కిందికి వంచి, ఆ నోరు డాబాకు 90 సెంటీమీటర్ల ఎత్తున ఉండేలా చూడండి. గొడుగులాంటి వాన టోపీలు గాలికి అడ్డం, నూగుకు గూడు.

పక్కింటి మీద నూగు పడుతోందని గొడవైతే అందుకోసమే చేసిన నూగు పట్టే పెట్టెను బయట బిగించుకోవచ్చు. దాని ఒత్తిడిని కూడా లెక్కలో కలుపుకోవాలి, రోజూ ఖాళీ చేయాలి.

లోపలికి వచ్చే గాలి

డక్ట్ ఎంత బాగా వేసినా గదిలోకి గాలి రాకపోతే అంతా వృథా. గంటకు 1000 ఘనమీటర్లు ఊదే మిషన్లు మూడు కలిసి నడిస్తే 3000 ఘనమీటర్లు బయటికి పోతాయి. 8 మీటర్ల పొడవు, 5 వెడల్పు, 3 ఎత్తున్న గదిలో ఉండేది 120 ఘనమీటర్లే. అంటే రెండున్నర నిమిషాలు తిరక్కముందే గది గాలంతా మారిపోవాలి. రాకపోతే గదిలో పీల్చుడు మొదలవుతుంది. తలుపు తెరవడానికి బలం పడుతుంది. అదే గదిలో గ్యాస్ గీజర్ ఉంటే దాని పొగ గొట్టంలోంచి పైకి పోవాల్సిన పొగ వెనక్కి లోపలికి దిగుతుంది. కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం ఇలా కూడా వస్తుంది. కాబట్టి గ్యాసుతో నడిచే ఏ పరికరం ఉన్న గదిలోనైనా కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పకుండా పెట్టండి.

మాన్యువల్ చెప్పిన ఖాళీ అంటే అడ్డంకి లేని ఖాళీ. కిటికీకి లూవర్లు (గాలి ఆడేలా వాలుగా అమర్చిన పలకలు) బిగిస్తే రేకు లూవర్లలో సుమారు 75 శాతం, చెక్కవాటిలో సుమారు 25 శాతం మాత్రమే గాలికి దారి దొరుకుతుంది. మూడు మిషన్లకు కలిపి 0.3 చదరపు మీటర్లు కావాలంటే రేకు లూవర్ 0.4 ఉండాలి, చెక్కదైతే ఏకంగా 1.2. ఎప్పుడో తెరిచే తలుపునో కిటికీనో ఈ లెక్కలో కలపకండి. చలికాలంలో మూసేస్తారు, వానకు మూసేస్తారు.

డ్రైక్లీనింగ్ పక్కనే ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. పెర్‌క్లోరోఎథిలీన్ లాంటి ద్రావకాల ఆవిరి డ్రయ్యర్ బర్నర్ మంటలోకి వెళితే ఆమ్లంగా మారి మిషన్‌ను తుప్పు పట్టిస్తుంది, మనుషుల ఊపిరితిత్తులకూ హాని. లోపలికి వచ్చే గాలి ఆ వైపు నుంచి రాకూడదు.

రెండు మూడు మిషన్లకు ఒకే గొట్టమా?

నా సలహా అడిగితే వీలున్నంతవరకు మిషన్‌కొక గొట్టం. కలిపి వేస్తే లెక్క ఎలా చెడుతుందో చూడండి. 200 మిల్లీమీటర్ల గొట్టాలు మూడు కలిసే చోట వాటి వైశాల్యాలన్నీ కలిపితే దాదాపు 350 మిల్లీమీటర్ల గొట్టం కావాలి. మూడూ నడిచేటప్పుడు బాగానే ఉంటుంది. ఒక్క మిషనే నడిస్తే ఆ లావు గొట్టంలో గాలి వేగం 3 మీటర్లకు కూడా చేరదు, నూగంతా అక్కడే దిగుతుంది. పైగా నడిచే మిషన్ వేడిగాలి ఆగి ఉన్న మిషన్‌లోకి వెనక్కి వస్తుంది.

తప్పనిసరైతే ఒక్కో కొమ్మ గాలి పోయే దిశకు 45 డిగ్రీల వాలుతో కలవాలి, రెండు కొమ్మలు ఎదురెదురుగా కలవకూడదు, ఒక్కో మిషన్ చేరిన కొద్దీ గొట్టం లావు పెరగాలి, ప్రతి మిషన్‌కు వెనక్కి గాలి రానివ్వని డ్యాంపర్ ఉండాలి. గాలిని తోయడానికి డక్ట్‌లో అదనంగా బూస్టర్ ఫ్యాను పెడితే అది తిరగనప్పుడు బర్నర్లు వెలగకుండా కరెంటు కనెక్షన్ ముడిపెట్టాలి. ఈ డిజైన్ ఇంజనీర్ చేతే చేయించండి.

మొదటిసారి నడిపి కొలవండి

గ్యాసు కనెక్షన్ అర్హత ఉన్న టెక్నీషియన్ చేతే ఇప్పించండి. అంతా అయ్యాక తలుపులు, కిటికీలు మూసి, లూవర్లు మాత్రం తెరిచి ఉంచి, మిషన్లన్నీ ఒకేసారి నడపండి. డక్ట్‌లో మాన్యువల్ చెప్పిన దూరంలో చిన్న కన్నం వేసి మానోమీటర్ (గాలి ఒత్తిడి కొలిచే పరికరం) గొట్టం పెట్టి ఒత్తిడి చూడండి. హద్దు లోపల ఉంటే ఆ అంకెను తేదీతో సహా మిషన్ పక్కన చీటీ మీద రాసి, కన్నాన్ని ఫాయిల్ టేపుతో మూసేయండి. అతుకుల వెంట సన్నటి కాగితం ముక్క తిప్పితే గాలి కారుతుంటే రెపరెపలాడుతుంది. గది తలుపు కాస్త తెరిచి ఆ సందు దగ్గరా కాగితం పట్టుకోండి. లోపలికి గట్టిగా లాగితే వచ్చే గాలి చాలడం లేదని అర్థం.

మూడు నెలలకోసారి ఇదే కొలత మళ్లీ తీయండి. అంకె పెరిగితే కన్నానికి అవతల, బయటి వైపు ఎక్కడో నూగు పేరుకుంది. అంకె బాగా పడిపోతే సంతోషపడకండి. ఫిల్టరో, మిషన్ లోపలి దారో మూసుకుపోయి ఫ్యానుకే గాలి అందడం లేదు.

వాడకంలో

నూగు పట్టే లింట్ ఫిల్టర్‌ను మూడు నాలుగు లోడ్లకోసారి దులపండి, చిరిగితే అదే రోజు మార్చండి. బయటి హుడ్‌ను వారానికోసారి చూడండి. డక్ట్ లోపల మూడు నెలలకోసారి తలుపులు తెరిచి చూసి, అవసరమైతే బ్రష్‌తో తుడిపించాలి. తువ్వాళ్లు, దుప్పట్లు ఎక్కువ ఆరబెట్టే చోట ఇంకా త్వరగా. ఈ పనికి ముందు కరెంటు తీసి, గ్యాసు వాల్వు కట్టి, డక్ట్ చల్లారనివ్వాలి.

మునుపు నలభై నిమిషాల్లో ఆరిన లోడు గంటకు కూడా ఆరకపోవడం, మిషన్ పై రేకు చేయి పెట్టలేనంత కాలడం, గదిలో ఉక్క పెరిగి అద్దాలకు ఆవిరి పట్టడం, బర్నర్ మాటిమాటికీ ఆరి వెలగడం, కమురు వాసన రావడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ మిషన్ ఆపి డక్ట్ చూడండి. గ్యాస్ డ్రయ్యర్లలో గాలి తగ్గితే బర్నర్‌ను ఆపేసే స్విచ్ ఉంటుంది. అది పదేపదే పడుతోందని తీగ కలిపి దాటవేయించడం ప్రాణాలతో చెలగాటం.

డ్రమ్ము నుంచి గానీ డక్ట్ నుంచి గానీ పొగ వస్తే డ్రమ్ము తలుపు తెరవకండి, గాలి తగిలి మంట పెరుగుతుంది. దగ్గరికి వెళ్లగలిగితే మిషన్ మెయిన్ స్విచ్ ఆపి, గ్యాసు వాల్వు కట్టి, అందరినీ బయటికి పంపి ఫైర్ సర్వీసుకు ఫోన్ చేయండి. మంట ఆరిపోయినట్టు కనిపించినా డక్ట్ లోపలి నూగు నిదానంగా రాజుకుంటూ ఉండొచ్చు. వాళ్లు వచ్చి డక్ట్ చివరిదాకా చూసేవరకు ఎవరినీ లోపలికి పంపొద్దు. ఆ తర్వాత కూడా డక్ట్ విప్పి శుభ్రం చేసి, ఒత్తిడి మళ్లీ కొలిచాకే మిషన్ వేయండి.